ఇరుకు ద్వారం, వృద్ధుల వుజూ

వృద్ధులైన తల్లిదండ్రులను ‘ఉఫ్’ అని కూడా అనరాదని దివ్యఖుర్ఆన్ (17:23) ఆదేశించింది. ఆ మర్యాద మాటకే పరిమితమా? చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 26 అంగుళాలు. స్నానాల గది ద్వారం అంతకంటే ఇరుకైతే, ప్రతి నమాజుకూ తండ్రిని ఎవరో ఎత్తుకొని తీసుకుపోవలసిందే. నీటిని వాడలేని రోగికి షరీఅత్ తయమ్ముమ్ సౌలభ్యాన్ని ప్రసాదించింది. కాని ఇరుకు ద్వారం రోగం కాదు, మన ఉపేక్ష.

తలుపు తెరచినప్పుడు కనీసం 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని భారత ప్రభుత్వ మార్గదర్శకాలు (2021) సూచిస్తున్నాయి. గోడ తొలిచే ముందు పైనున్న లింటెల్‌ను అనుభవజ్ఞుడైన మేస్త్రీకి చూపించండి. గడప తొలగించండి. తలుపు బయటికి తెరుచుకొనేలా అమర్చండి. లోపల పడిపోయినవారిని వెంటనే చేరుకోవచ్చు.

తల్లిదండ్రులు తమంతట తాము వుజూ చేసుకోగలిగేలా చూడటమూ వారి సేవయే.