సాగరంలో సంసారం!

‘సంసారమనే సాగరాన్ని ఈదాలి’ అని మన పెద్దవాళ్లు తరచూ అంటుంటారు. ఆ మాటను అక్షరాలా ఆచరణలో పెట్టేవాళ్లూ ఉన్నారు తెలుసా! పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, ఉద్యోగానికి సెలవు చెప్పేశాక... అమెరికా, కెనడాల్లో కొందరు దంపతులు ఉన్న ఇల్లు అమ్మేసి ఓ పడవ కొనుక్కుంటారు. వంటిల్లు, పడగ్గది, స్నానాలగది, పుస్తకాల అర అన్నీ అందులోనే. ఆ ఇంటికి ఒక ఊరంటూ ఉండదు. ఇవాళ ఒక రేవు, వచ్చేవారం మరో రేవు. వినడానికి భలేగా ఉంది కదూ! కానీ ఆ సుఖం వెనక నూనె మరకలున్నాయి, తుప్పుతో నిత్య పోరాటం ఉంది, రాత్రివేళ నడిసముద్రంలో ఇంజిన్ చప్పుడు కాస్త మారినా గుండె ఝల్లుమనే క్షణాలున్నాయి. ట్రాలర్ అనే ఆ చిన్న పడవ కథే ఇది.

వలలు లేని ట్రాలర్

ట్రాలర్ అనగానే మనకు విశాఖ చేపలరేవులో వరసగా నిలబడే మరపడవలు గుర్తొస్తాయి. అడుగున వల ఈడ్చుకుంటూ వెళ్లి చేపలు పట్టే పడవ పేరే అది. షికారు ట్రాలర్లకు వలలుండవు. కానీ రూపం మాత్రం అచ్చం అదే. ఎత్తైన ముక్కు, నిటారుగా నిలబడ్డ చుక్కాని గది, వెడల్పాటి వీపు, పొట్టలో లారీ ఇంజిన్‌లాంటి డీజిల్ ఇంజిన్. ఎంత ఎగుడుదిగుడు సముద్రంలోనైనా రోజుల తరబడి పనిచేయగల చేపల పడవను చూసి, ‘దీంట్లోనే ఇల్లు కట్టుకుంటే ఎలా ఉంటుంది?’ అనుకున్నవాళ్ల ఆలోచన నుంచి పుట్టిందిది.

ఆ ఆలోచనకు ఊపు వచ్చింది 1960ల్లో. అప్పట్లో హాంకాంగ్‌లోని అమెరికన్ మెరైన్ అనే సంస్థ ఈ తరహా పడవల్ని వరసపెట్టి తయారుచేయడం మొదలుపెట్టింది. కెనడా తూర్పు తీరానికి ఆవల చేపలకు పేరుమోసిన గ్రాండ్ బ్యాంక్స్ ప్రాంతం పేరే వాటికి పెట్టింది. మొదట్లో చెక్కతో చేసేవారు. 1973 నుంచి ఫైబర్‌గ్లాస్‌కు మారారు. 36 అడుగుల గ్రాండ్ బ్యాంక్స్ ఈ జాతికి ముఖచిత్రం లాంటిది. నలభై, యాభై ఏళ్లనాటి పడవలు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే వాటి గట్టిదనం అర్థం చేసుకోవచ్చు.

ఇంకో పక్క రాబర్ట్ బీబీ అనే ఆయన మరో అడుగు ముందుకేశాడు. ఆయన అమెరికా నౌకాదళంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. చిన్న పడవలో మహాసముద్రం దాటాలంటే తెరచాపే దిక్కని అందరూ నమ్మే రోజులవి. ‘ఇంజిన్‌తోనే దాటొచ్చు’ అని ఆయన వాదన. మాటలతో సరిపెట్టలేదు. 50 అడుగుల ‘పాసేజ్‌మేకర్’ను సొంతంగా రూపకల్పన చేసి సింగపూర్‌లో కట్టించి, 1963లో హిందూ మహాసముద్రం మీదుగా, సూయెజ్ కాలువ దాటి గ్రీస్ దాకా నడిపించాడు. తన అనుభవాలన్నీ కలిపి 1975లో ‘వాయేజింగ్ అండర్ పవర్’ అనే పుస్తకం రాశాడు. దూరప్రయాణాల ట్రాలర్ యజమానులకు అది పెద్దబాలశిక్ష.

నత్తనడకే మేలు

ఈ పడవ వేగమెంతో తెలుసా? గంటకు 7 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు. సైకిల్ మీద వెళ్లే కుర్రాడు కూడా దాటేసి పోతాడు! మరి ఇంకాస్త పెద్ద ఇంజిన్ పెట్టొచ్చుగా అంటారా? అక్కడే ఉంది కిటుకు.

బరువైన పడవ నీటిని పక్కకు నెట్టుకుంటూ వెళ్తుంది. ఆ నెట్టుడుకి ముందూ వెనకా అలలు లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ అల పొడవు పెరిగి, ఒక దశలో పడవ తాను లేపిన అలలోనే తాను ఇరుక్కుంటుంది. ఆపై ఎంత ఇంధనం తగలేసినా లాభం అంతంతే. ఆ హద్దును లెక్కగట్టడానికి ఓ సూత్రం ఉంది. నీటిని తాకే భాగం పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించాలి. 36 అడుగులైతే వర్గమూలం 6. హెచ్చిస్తే సుమారు 8. అంటే గంటకు 8 నాటికల్ మైళ్లే ఆ పడవకు సహజమైన గరిష్ఠ వేగం. దానికి కాస్త తక్కువలో నడిపితేనే పొదుపు.

ఆ పొదుపు ఎంతో చూడండి. 36 అడుగుల ట్రాలర్ ఒక్క ఇంజిన్‌తో 7 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తే గంటకు ఏడెనిమిది లీటర్ల డీజిల్ తాగుతుంది. ట్యాంకుల్లో 1,500 లీటర్లు పడతాయి. అయిదో వంతు అత్యవసరానికి దాచుకున్నా రెండువేల కిలోమీటర్లు వెళ్లొచ్చు. చెన్నైలో బయల్దేరితే మధ్యలో ఎక్కడా ఆగకుండా కోల్‌కతా చేరొచ్చన్నమాట. తొందరపడి వేగం ఒక్క మైలు పెంచితే మాత్రం ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ట్రాలర్ కొనేవాళ్లు ముందు అలవరచుకోవాల్సింది ఓపిక.

అయితే అన్ని ట్రాలర్లూ మహాసముద్రాలు దాటేవి కావు. గ్రాండ్ బ్యాంక్స్ లాంటివి తీరం వెంట, దీవుల మధ్య తిరగడానికి అనువైనవి. మహాసముద్రం దాటాలంటే ఇంకా లోతైన అడుగుభాగం, పెద్ద ట్యాంకులు, దృఢమైన కిటికీలు ఉండాలి. బీబీ బాటలోనే అలాంటి పడవలు తయారుచేసిన నార్డ్‌హావన్ సంస్థ 2001 చివర్లో 40 అడుగుల ట్రాలర్‌ను కాలిఫోర్నియా నుంచి ప్రపంచయాత్రకు పంపింది. మజిలీ మజిలీకీ సిబ్బంది మారుతూ 2002లో భూమిని చుట్టి వచ్చేశారు. 2004లోనైతే 18 ట్రాలర్లు జట్టుగా ఫ్లోరిడా నుంచి బెర్ముడా, అజోర్స్ దీవుల మీదుగా అట్లాంటిక్ దాటి జిబ్రాల్టర్ చేరాయి.

ఒక్క ఇంజిన్ చాలా?

ట్రాలర్ యజమానులు నలుగురు కలిస్తే తెల్లవార్లూ తెగని వాదన ఇది. రెండు ఇంజిన్లుంటే ఒకటి చెడినా రెండోది ఒడ్డుకు చేరుస్తుంది. ఇరుకు రేవులో పడవను తిప్పడమూ తేలిక. కానీ ఖర్చు రెట్టింపు, చాకిరీ రెట్టింపు, ఇంజిన్ గదిలో మనిషి దూరే చోటే ఉండదు. పైగా రెండూ తాగేది ఒకే ట్యాంకులోని డీజిలైతే, ఆ డీజిల్లో మురికి ఉంటే... రెండూ ఒకేసారి ఆగిపోతాయి!

అందుకే దూరప్రయాణికుల్లో చాలామంది ఒక పెద్ద ఇంజిన్, ఆపత్కాలానికి ఓ చిన్న ఇంజిన్ పెట్టుకుంటారు. పాత ట్రాలర్లలో ఎక్కువగా కనిపించేది ఫోర్డ్ లేమన్. ఫోర్డ్ డీజిల్ ఇంజిన్‌ను సముద్రానికి పనికొచ్చేలా లేమన్ సంస్థ మార్చి అమ్మింది. ఆరు సిలిండర్లు, 120 గుర్రాల శక్తి. ఆర్భాటం లేని మొండిఘటం. వేళకు నూనె మారుస్తూ, చల్లబరిచే నీళ్లకు లోటు రాకుండా చూసుకుంటే దశాబ్దాలపాటు నడుస్తుంది.

గుండ్రటి అడుగున్న పడవకు ఇంకో గుణముంది... ఊగడం. ఎదురలకు బాగానే ఉంటుంది కానీ, పక్క నుంచి అల వచ్చిందంటే ఉయ్యాలే. పొయ్యి మీద గిన్నె నిలవదు, మంచం మీద మనిషి నిలవడు. దీనికి చేపల పడవల వాళ్లే మందు కనిపెట్టారు. రెండు పక్కలా పొడవాటి కర్రలు చాచి, వాటి చివర తాళ్లకు చేప ఆకారపు బరువుల్ని నీళ్లలోకి వేలాడదీస్తారు. పడవ ఒక పక్కకు ఒరగబోతే రెండో పక్కనున్న బరువు పట్టి ఆపుతుంది. కాస్త డబ్బున్నవాళ్లు నీటి అడుగున రెక్కల్లా కదిలే యంత్రాలు పెట్టించుకుంటారు.

తళతళల కింద తుప్పు

ముప్ఫై, నలభై ఏళ్లనాటి ట్రాలర్లు లక్ష డాలర్ల లోపే దొరుకుతాయి. టేకు చెక్క పరిచిన పైభాగం, వార్నిష్ మెరుపులు చూసి మనసు పారేసుకుని అప్పటికప్పుడు బయానా ఇచ్చేవాళ్లున్నారు. ఆ టేకు కిందే ఉంటుంది అసలు కథ!

పాత పడవల్లో ఆ టేకు పలకల్ని వందలకొద్దీ స్క్రూలతో బిగించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో స్క్రూ రంధ్రం ఒక్కో చెమ్మదారి అవుతుంది. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్యనుండే చెక్క నానిపోతుంది. అడుగు వేస్తే మెత్తగా దిగుతుంది. అక్కడితో ఆగుతుందా? ఆ నీరే కారి కిందనున్న ఇనుప ట్యాంకుల మీద పడుతుంది. తుప్పు పైనుంచి తినేస్తుంది. ట్యాంకు మార్చాలంటే కొన్ని పడవల్లో ఇంజినే బయటికి తీయాలి. అప్పుడు వచ్చే బిల్లు ముందు పడవ కొన్న ధర చిన్నబోతుంది. జీవితకాలం దాచుకున్న సొమ్ము అలా నీళ్లపాలు చేసుకున్నవాళ్లున్నారు.

అందుకే కొనేముందు సర్వేయర్‌తో పరీక్ష చేయించాలి. పడవను నీళ్లలోంచి పైకి ఎత్తించి సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూస్తాడాయన. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఇంజిన్ నూనెను ప్రయోగశాలకు పంపిస్తే, అందులోని లోహపు రజనును బట్టి లోపల ఏ భాగం అరుగుతోందో చెప్పేస్తారు. మనుషులకు రక్తపరీక్ష లాంటిదే!

ఏడాది పొడవునా పనే

పడవ విలువలో పదో వంతు ఏటా పోషణకు పక్కన పెట్టాలన్నది యజమానుల నోట నానిన లెక్క. మనిషిని పెట్టి చేయించుకుంటే అంతకు మించుతుంది కూడా. అందుకే చాలామంది తామే మెకానిక్కులవుతారు.

ఫోర్డ్ లేమన్‌కు సుమారు 200 గంటలకోసారి ఇంజిన్ నూనె మార్చాలి. దాని ఇంధన పంపులో నూనె విడిగా ఉంటుంది, దాన్నైతే 50 గంటలకే మార్చాలి. సముద్రపు నీటిని లోపలికి లాగే పంపులో రబ్బరు చక్రం ఉంటుంది. అది విరిగితే నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కిపోతుంది. ధర తక్కువే, కానీ అదనంగా ఒకటి దగ్గర లేకపోతే పడవ అక్కడికక్కడే ఆగుతుంది. నీటి అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీటిలో జరిగే విద్యుత్ రసాయన చర్యకు ముందు జింకే బలవుతుంది, దాంతో ప్రొపెల్లర్, ఇరుసు క్షేమంగా ఉంటాయి. సగం అరగ్గానే కొత్తవి వేయాలి. అడుగుకు పట్టే నాచు, గవ్వపురుగులు గీకి ఏడాదికో రెండేళ్లకో కొత్త రంగు పూయాలి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు డీజిల్లో మురికి. ట్యాంకు అడుగున నీరు చేరితే అక్కడ సూక్ష్మజీవులు పెరిగి జిగురుగా పేరుకుంటాయి. రేవులో ఉన్నన్నాళ్లూ అంతా బాగానే ఉంటుంది. సముద్రం కుదపగానే ఆ మడ్డంతా లేచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అంటే ఇంజిన్ ఆగిపోయేది సరిగ్గా అది అత్యవసరమైనప్పుడే! కుదుపుల్లో, వేడిలో, డీజిల్ వాసన మధ్య ఫిల్టరు మార్చడం ముందే చేతికి అలవాటై ఉండాలి.

ఇందులో మనవాళ్లకు తెలియనిదేమీ లేదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ రేవుకు వెళ్తే చూడొచ్చు... ఒకచోట ఇంజిన్ విప్పుతుంటారు, ఇంకోచోట అడుగు గీకుతుంటారు, మరోచోట రంగులు వేస్తుంటారు. ఒడ్డున చేసిన పనే సముద్రంలో కాపాడుతుందని అక్కడి సరంగులకు ఒకరు చెప్పాలా!

ఇద్దరికీ అన్నీ రావాలి

అమెరికాలో ట్రాలర్ దంపతులు మోజుపడే దారి ‘గ్రేట్ లూప్’. అట్లాంటిక్ తీర జలమార్గం, హడ్సన్ నది, కాలువలు, గ్రేట్ లేక్స్, మిసిసిపీ, గల్ఫ్ తీరం... అన్నీ కలిపి దాదాపు 6 వేల మైళ్ల ప్రదక్షిణ. చాలామంది ఏడాదిలో నిదానంగా పూర్తిచేస్తారు. చికాగో దగ్గర ఓ వంతెన కింద నుంచి దూరాలంటే పడవ ఎత్తు 20 అడుగుల లోపే ఉండాలి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. ఆ రోజుల్లో పడవ ఫలానా ప్రాంతంలో ఉండకూడదని చాలా బీమా సంస్థలు షరతు పెడతాయి. అందుకే పక్షుల్లా ఎండాకాలం ఉత్తరానికి, చలికాలం దక్షిణానికి వలసపోతారు.

రేవు వదిలాక ఇద్దరే మనుషులు. ఆయన చుక్కాని, ఆమె వంట అని పంచుకుంటే కుదరదు. నడిసముద్రంలో ఆయనకు గుండెనొప్పి వస్తే? అందుకే పడవను ఒడ్డుకు కట్టడం, రేడియోలో సాయం కోరడం, ఇంజిన్ ఆపి మళ్లీ నడిపించడం, మందుల పెట్టె వాడటం ఇద్దరికీ రావాలని అనుభవజ్ఞులు మరీమరీ చెబుతారు. రాత్రి ప్రయాణాల్లో వంతులవారీగా మేలుకుంటారు. ఒకరు నిద్రపోతుంటే మరొకరు రాడార్ మీద కన్నేసి, గంటకోసారి ఇంజిన్ గదిలోకి దిగి చూసి వస్తారు. ఎక్కడైనా నూనె చుక్క కనిపిస్తోందా, బెల్టు కాలిన వాసన వస్తోందా, అడుగున నీరు చేరిందా... కళ్లు, ముక్కు, చెవులే పరికరాలు.

ఇప్పుడు ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చింది, వాతావరణం వేళ్ల మీద తెలుస్తోంది. అయినా ఊడిన గొట్టాన్ని బిగించాల్సింది చేతులే. మోకాళ్లు సహకరించినన్నాళ్లే ఇంజిన్ గదిలోకి దిగగలరు. ఆ రోజు దాటకముందే పడవను మరొకరికి అప్పగించి ఒడ్డెక్కడం కూడా మంచి నావికుడి లక్షణమే.

కాబట్టి ఎవరికైనా ఈ సరదా పుడితే అనుభవజ్ఞులు ఇచ్చే సలహా ఒక్కటే. ఇల్లు అమ్మకండి. ముందు ఓ ట్రాలర్‌ను రెండు వారాలు అద్దెకు తీసుకోండి. వాన కురవనివ్వండి, అలలు లేవనివ్వండి, ఓ ఫిల్టరు మార్చి చూడండి. పదిహేనో రోజున కూడా ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటుంటే... అప్పుడు బయానా ఇవ్వొచ్చు!