తీగలేని కీబోర్డు – దాని జబ్బులు



తీగలేని కీబోర్డు సరిగా పనిచేయనపుడు దాని లోపము నెట్లు కనిపెట్టవలెనో నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది వినుటకు మిక్కిలి స్వల్పవిషయము. పాడైనచో పాఱవేసి మఱొకటి కొనుక్కొనవచ్చును గదా యని మీలో కొందఱనవచ్చును. నేనును మొన్నటివఱకు అట్లే తలచెడివాడను. గడచిన మాఘమాసమున తెనాలిలో మా వదినగారి యింట జరిగిన సంగతి చెప్పినచో, ఇంత చిన్న వస్తువును గుఱించి యింత సేపు మాటాడుట యేలనో మీకే తెలియగలదు.

మా వదినగారు 35 ఏండ్లు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి యిపుడు విశ్రాంతి తీసికొనుచున్నారు. వయస్సు 71. మా అన్నగారు ఖరగపూరులో రైల్వే యుద్యోగము చేయు కాలమున, అనగా 1974 మొదలు 1981 వఱకు, ఆమెకు వ్రాసిన ఉత్తరములు ఒక రేకుపెట్టె నిండ నున్నవి. ఆయన యిపుడు లేరు. కాగితములు మడతలవద్ద చినుగుచున్నందున మనుమడు వాని నన్నిటిని స్కాను చేసి, ఒక హార్డ్ డిస్కులో భద్రపఱచి, సంక్రాంతి పండుగకు తెచ్చి యిచ్చెను. ఆ బొమ్మలను తెఱమీద ఒక ప్రక్క నుంచుకొని, రెండవ ప్రక్క తెలుగున టైపు చేయుటకు ఆమె పూనుకొనిరి.

నేను వెళ్లునప్పటికి ఆ పని నిలిచిపోయి మూడు వారములైనది. కారణ మడుగగా మొదట మాట దాటవేసిరి. తుదకు, "కీబోర్డుకేమీ కాలేదు అబ్బాయీ, నా వేళ్లే పోతున్నాయి. బ్యాంకుకు ఉత్తరం కొడితే చక్కగా వస్తుంది. మీ అన్నయ్య ఉత్తరం ముందు పెట్టుకుంటేనే అక్షరాలు తప్పుతున్నాయి" అనిరి. రెండేండ్ల క్రిందట ఆమె యెడమచేయి కొన్నాళ్లు స్వాధీనము తప్పి, మరల కుదుటబడిన సంగతి మా కందఱకును తెలియును. వైద్యునికి చెప్పితిరా యని యడిగితిని. చెప్పలేదట. చెప్పినచో ఆయన యేమనునో యని భయము.

తెఱమీద నున్న పుట చూచితిని. "అమ్మ" అని యుండవలసినచోట "అమమ" అని యున్నది. ఒకచోట "క" అను అక్షరము పదునాలుగు మాఱులు వరుసగా పడినది. కొన్ని మాటలకు మొదటి అక్షరమే లేదు. ఎందఱో పిల్లల వ్రాతప్రతులను ఎఱ్ఱసిరాతో దిద్దిన ఆమె యా పుటను నాకు చూపుటకే సిగ్గుపడిరి.

ఇక్కడ కొంచె మాగి, ఆ పరికరము పనిచేయు తీరును చెప్పవలెను. మీరు నా మాటలు వినుచున్న రేడియోకును ఈ కీబోర్డునకును దగ్గఱి చుట్టఱికము కలదు. కీబోర్డు ఒక చిన్న ప్రసారకేంద్రము. కంప్యూటరునకు తగిలించెడు గోరంత రిసీవరు దాని శ్రోత. మీటల క్రింద పలుచని ప్లాస్టిక్ పొరలును, వానిమీద అడ్డముగను నిలువుగను విద్యుత్తు ప్రసరించు గీతలును ఉండును. మీట నొక్కగానే ఒక అడ్డగీతకును ఒక నిలువుగీతకును సంబంధ మేర్పడును. ఏ రెండు గీతలు కలిసినవో చూచి, లోపలి చిప్పు ఆ మీట సంఖ్యను రేడియో తరంగముమీద పంపును. వ్రేలు తీయగానే "మీట విడువబడినది" అని మఱొక వార్త పంపును. ఈ రెండవ వార్తను మఱచిపోకుడు. దానితో మనకు పని యున్నది.

ఈ ప్రసారము 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున జరుగును. మీడియం వేవు తరంగముల నిడివి వందల మీటర్లు. దీని నిడివి సుమారు 12 సెంటీమీటర్లు, అనగా అర జానెడు. శక్తి మిల్లీవాట్లలో లెక్కింపదగినంత. ఈ ప్రాంతమున స్వల్పశక్తి పరికరములను వాడుటకు మన దేశమున 2005 నుండి లైసెన్సు అక్కఱలేదు. కావున ఇది యూరి చెఱువు వంటిది. వైఫై యిచ్చటనే, బ్లూటూత్ యిచ్చటనే, తీగలేని మౌసు యిచ్చటనే. వంటయింటి మైక్రోవేవు పొయ్యి సయితము 2.45 గిగాహెర్ట్జ్ వద్దనే పనిచేయును. ఇందఱు దిగిన నీటిలో ఒక్కొక్కమాఱు బురద లేచుట వింత గాదు.

బురద లేచినపుడు జరుగునది యేమి? రిసీవరునుండి "అందినది" అను సమాధానము రాకున్న కీబోర్డు తన వార్తను మరల మరల పంపి చూచును. గోల మితిమీఱినచో ఆ యత్నమును విఫలమగును. "మీట నొక్కబడినది" అను వార్త పోయినచో అక్షరము పడదు. "మీట విడువబడినది" అను వార్త పోయినచో, వ్రేలింకను మీటమీదనే యున్నదని నమ్మి కంప్యూటరు ఆ యక్షరమునే వరుసగా వేయుచుండును. వదినగారి పదునాలుగు "క"ల రహస్య మిదియే. ఇక "అమ్మ" సంగతి. ఆమె వాడునది ఇన్‌స్క్రిప్టు అమరిక. అందు ఇంగ్లీషు "డి" మీట పొల్లునకు. షిఫ్టుతో గలిపి నొక్కిన అదే మీట "అ" యగును. "సి" మీట "మ". కావున "అమ్మ" అనుటకు అ, మ, పొల్లు, మ అని నాలుగు దెబ్బలు కావలెను. నడిమి పొల్లు గాలిలో కలిసిపోయినచో మిగులునది "అమమ". ఇంగ్లీషున నొక అక్షరము పోయిన నది యొక చిన్న లోటు. తెలుగున పొల్లు పోయినచో ఒత్తు పోయి, మాట ముఖమే మాఱిపోవును.

ఇదంతయు ఆనాడు నాకు వెంటనే తోచినదని చెప్పుకొనను. మొదట నేను చేసిన పని మూర్ఖపు పని. బ్యాటరీలు మార్చితిని, కంప్యూటరు నాపి మరల నడిపితిని, బల్లను గోడనుండి యివతలకు లాగి తీగలన్నియు ఊడదీసి కొన్నిటిని మరల తగిలించితిని. ఆ సాయంకాలము అక్షరములు ముత్యములవలె పడినవి. నేను మీసము దువ్వుకొంటిని. మఱునాటి యుదయమున వదినగారు ఉత్తరములు తెఱచి కూర్చుండగా జబ్బు యథాప్రకారము తిరిగివచ్చినది. మూడు మార్పు లొక్కసారి చేసితిని గనుక, ముందటి సాయంకాలపు ఆరోగ్యము దేనివలన గలిగెనో చెప్పజాలనైతిని. అటుపిమ్మట ఒక కాగితము తీసికొని, ఒక్కొక్క మార్పు మాత్రమే చేసి, ఫలితమును వ్రాసికొనుచు వచ్చితిని.

జబ్బు ఆకారమును ముందుగా చూడవలెను. ఒక్క మీటయే మొరాయించిన, దాని క్రింద దుమ్మో అన్నపుమెతుకో చేరియుండును. ఒక గుంపు మీటలు కలిసికట్టుగా చచ్చిన, వానికి ఉమ్మడిగా నున్న గీత తెగినదన్నమాట. కాఫీ ఒలికిన కీబోర్డులలో ఇది తఱచు, దానికి మందు లేదు. అన్ని మీటలును అప్పుడప్పుడు తడబడిన, మీటలను విడిచి బ్యాటరీని, గాలిని అనుమానింపవలెను. మాది యీ మూడవ రకము.

బ్యాటరీలు క్రొత్తవి, వానితో జబ్బు పోలేదు. అయినను ఒక మాట. క్రొత్త ఆల్కలైను బ్యాటరీ 1.5 వోల్టులిచ్చును, మరల మరల చార్జి చేసికొనెడు నికెల్ బ్యాటరీ మొదటినుండియు 1.2 వోల్టులే. కావున కొన్ని కీబోర్డులు నిండుగ నున్న నికెల్ బ్యాటరీని చూచి, అయిపోవచ్చినదని దీపము వెలిగించును. దానిని నమ్మి కంగారుపడవద్దు. పాతదానిని క్రొత్తదానిని జతచేయవద్దు. అఱలో తెల్లని పెచ్చు కనబడినచో బ్యాటరీ కాఱినదని గ్రహించి, ఒట్టిచేతితో తాకక, నిమ్మరసములోనో వెనిగరులోనో కొంచెము ముంచిన దూదితో తుడిచి, పూర్తిగా ఆఱనీయవలెను.

తరువాత కంప్యూటరు అమరికలు. విండోసులో కుడి షిఫ్టు మీటను ఎనిమిది సెకనులు పట్టి యుంచినచో ఫిల్టర్ కీస్ అను నేర్పాటు మేలుకొనుటకు సిద్ధమగును. దాని నడుమ వచ్చిన ప్రశ్నకు చూడక ఔనన్నచో, అటుపై త్వరగా కొట్టిన మీటలను అది లెక్కచేయదు. వ్రేలాన్చి ఆలోచించు అలవాటున్నవారికి ఇది జరుగుచుండును. చూచితిని, ఇచ్చట అది నిద్రలోనే యున్నది.

పిదప నేనే కూర్చుండి ఆ కీబోర్డుమీద కొట్టి చూచితిని. నాకును తప్పులు పడినవి. "చూచితిరా, ఇది మీ చేతి తప్పు కాదు" అంటిని. వదినగారు నవ్వి, "నీకు ఆ అమరికే రాదు. నీ తప్పులు లెక్కకు రావు" అనిరి. ఉపాధ్యాయిని గదా! న్యాయమైన మాటయే.

పొరుగింటినుండి తీగగల కీబోర్డు తెచ్చితిని. అవే ఉత్తరములు, అదే కుర్చీ, ఆమె వ్రేళ్లే. పుట నిండినది, తప్పు లేదు. ఆమె యేమియు ననలేదు గాని, పుటను పైనుండి క్రిందికి రెండుమాఱులు చదివికొనిరి. ఇక తీగలేని కీబోర్డును దాని రిసీవరుతో సహా నా ల్యాప్‌టాపునకు మార్చి, కొన్ని ఉత్తరములను దానిలోనికి ఎక్కించి, ఆమెచేతనే కొట్టించితిని. ఇచ్చటను తప్పు లేదు. వ్రేళ్లు నిర్దోషులు, కీబోర్డును నిర్దోషి. మిగిలినది పాత కంప్యూటరు వెనుకభాగము.

టార్చిలైటు వేసి చూచితిని. నీలపురంగు పోర్టులు రెండు ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానిలో రిసీవరు, దానిని ఒరసికొని రెండవదానిలో మనుమడిచ్చిన హార్డ్ డిస్కు. డిస్కు ఊడదీసితిని, అక్షరములు చక్కబడినవి. తగిలించితిని, చెడినవి. మూడుమాఱు లిట్లు చేసితిని.

ఆ నీలపు పోర్టులు యు.ఎస్.బి. 3.0 అను పద్ధతివి. 2008లో ప్రకటింపబడిన యీ పద్ధతిలో సమాచారము సెకనునకు 5 గిగాబిట్ల వేగమున పరుగెత్తును. ఆ పరుగులో పుట్టెడు విద్యుత్ గోల 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమునకు చిమ్మును. డిస్కునుండి, దాని తీగనుండి, పోర్టునుండి వెలువడు నీ గోల ప్రక్కనున్న తీగలేని పరికరముల రిసీవర్లను చెవిటివానిగా చేయగలదని ఇంటెల్ సంస్థవారు 2012లోనే ఒక పత్రమున వివరించిరి. పొరుగింట మిక్సీ తిరిగినపుడు మన రేడియోలో బరబర వినవచ్చుట యెఱుగుదురు గదా, ఇదియు నట్టిదే. డిస్కు తగిలింపబడునది ఉత్తరములు చూచునపుడు మాత్రమే. బ్యాంకునకు వ్రాయునపుడు దానితో పని లేదు. కావుననే ఆయన వ్రాత కంటబడినపుడెల్ల అక్షరములు తడబడినవి.

చికిత్స సులభము. మూరెడు యు.ఎస్.బి. పొడిగింపు తీగ నొకటి తెచ్చి, రిసీవరును దాని చివర తగిలించి, బల్లమీద కీబోర్డు ముందరనే యుంచితిని. డిస్కును పెట్టె రెండవ వైపు పోర్టునకు మార్చితిని. పొడిగింపు తీగ లేనివారు రిసీవరును పెట్టె ముందుభాగమునకు మార్చినను చాలవఱకు మేలగును. ఇనుపబల్ల క్రింద, ఇనుపబీరువా వెనుక రిసీవరు నుంచవద్దు. బ్లూటూత్ కీబోర్డులకు వేఱుగా రిసీవరుండదు; దాని యాంటెనా కంప్యూటరులోనే యుండును గనుక, అచ్చట గోలచేయు డిస్కునే దూరముగ జరుపవలెను. అట్లును కుదురకున్న పాత జతను తొలగించి మరల జతపఱచి చూడవలెను.

నాటి సాయంకాలమున వదినగారిని బలవంతముగ వైద్యుని యొద్దకును తీసికొనిపోయితిని. కీబోర్డు నిర్దోషియని తేలినంతనే రెండేండ్లనాటి చేతిని పరీక్షింపకుండుట తగదని నాకు తోచినది. ఆయన చేతులు రెండును పట్టి చూచి, బలము బాగుగనే యున్నదని చెప్పి, రక్తపుపోటు మందు మానవద్దనిరి.

నాకిచ్చిన కాలము ముగియవచ్చినది. నిన్న టెలిఫోనులో వదినగారు 1977వ సంవత్సరపు ఉత్తరములకు వచ్చితిమని చెప్పిరి. ఒక యుత్తరమున మా అన్నగారు నాకు పరీక్ష తప్పిన సంగతి వ్రాసియున్నారట. దానిని టైపు చేయవలెనా మానవలెనా యని నన్నడిగిరి. చేయుడంటిని.