కోటు తొడిగిన పాఠకుడు

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు మూడు ఊరి నడుమనుండి ప్రవహించు తెనాలిలో 1926లో జన్మించిన కొమ్మూరి సాంబశివరావుగారు, 1950ల చివరినుండి నవల వెంట నవల వెలువరించి, డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడగు రాజును తెలుగు పాఠకులకు ఆప్తులుగా చేసిరి. బెజవాడ పేటలలోనేమి, గుడివాడ, మచిలీపట్నములలోనేమి, అద్దె పుస్తకముల దుకాణములకు ఆ నవలలే ఆయువుపట్టు. అరచేతిలో ఇమిడెడు ఆ పుస్తకము పదిమంది చేతులలో నలిగి, అట్ట ఊడి, దారముతో కుట్టుపడి, మరల అద్దెకు పోవుచుండెడిది. లెక్కల పుస్తకము చాటున పెట్టుకొని చదువు కుర్రవాడును, మధ్యాహ్నపు తీరికలో గడపమీద కూర్చుండి చదువు ఇల్లాలును దానికి సమానముగనే దాసులు. ముందు చదివిన కొంటెవాడెవడో మొదటి పుటలోనే హంతకుని పేరు పెన్సిలుతో వ్రాసిపెట్టుట ఆ కాలమున క్షమింపరాని నేరము.

ఇంతటి ఆదరము చూరగొన్న యుగంధర్‌కు వెండితెరమీద మాత్రము తగిన పీట పడలేదు. 1979లో యన్.టి. రామారావుగారు నటించిన ‘యుగంధర్’ చిత్రము హిందీ ‘డాన్’ కథయే కాని కొమ్మూరివారి డిటెక్టివు కథ కాదు. పుస్తకములలో రాజ్యమేలినవాడు తెరమీద ఏల నిలువలేకపోయెనను ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, ఇతర దేశముల డిటెక్టివుల గతి ఏమైనదో చూడవలసియున్నది.

1887లో ఆర్థర్ కోనన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ నాటినుండి నేటివరకు వేషములు మార్చుచునే యున్నాడు. చెవుల టోపీ సిడ్నీ పేజెట్ గీసిన బొమ్మల వలన వచ్చినది. వంకర పైపు విలియం జిలెట్ రంగస్థలమున పట్టిన తరువాతనే ప్రసిద్ధమైనదందురు. 1939 మొదలు 1946 వరకు బేసిల్ రాత్‌బోన్ నటించిన 14 చిత్రములలో అధికభాగము హోమ్స్‌ను గుఱ్ఱపుబండ్ల లండన్‌నుండి పెకలించి రెండవ ప్రపంచయుద్ధ దినములలో నిలిపినవి. 1984లో టెలివిజన్‌కు వచ్చిన జెరెమీ బ్రెట్ మూలమునకు విధేయుడై పాత కాలమును పునఃప్రతిష్ఠించగా, 2010లో బెనెడిక్ట్ కంబర్‌బాచ్ సెల్‌ఫోను పట్టిన హోమ్స్‌గా అవతరించెను. క్రొత్త రూపము వచ్చినప్పుడెల్ల ‘వీడు మా హోమ్స్ కాడు’ అని పెదవి విఱుచువారును, ‘వీడే అసలు హోమ్స్’ అని చంకలు కొట్టుకొనువారును ఉండనే యున్నారు. ఆ కలహమే ఆ పాత్రకు ఆయుర్దాయము పోయుచున్నది. వంగదేశమున శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో సృష్టించిన బ్యోమకేశ్ బక్షీకి 1967లో సత్యజిత్ రాయ్ ఉత్తమ్ కుమార్ రూపమునిచ్చిరి. 1993లో బాసు చటర్జీ దూరదర్శన్ ధారావాహికలో రజిత్ కపూర్ పంచె కట్టి, గొంతు పెంచక మాటలాడి, హిందీ అంతంతమాత్రము తెలిసిన తెలుగు ఇండ్లకు గూడ చుట్టమయ్యెను.

మన చిత్రసీమలో చిక్కు వేఱు. విజయవాడ గాంధీనగరము డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకు పేరుమోసిన చోటు. పంపిణీదారుడు చిత్రము కొనునపుడు తలపోయునది మొదటి వారమునుగూర్చి మాత్రమే కాదు. పాటకో పోరాటమునకో మురిసి రెండవసారి, మూడవసారి హాలుకు వచ్చు ప్రేక్షకుని గూర్చి. అపరాధ పరిశోధన కథకు ఆ ప్రేక్షకుడే కరవు. హంతకుడెవడో తెలిసిన పిమ్మట ఉత్కంఠకై మరల టికెట్టు కొనువాడెవడు? ఇంటర్వెల్ సమయమున సోడా త్రాగుచు ఎవడో గుట్టు విప్పినచో తరువాతి ఆటకే గండి పడును. అదిగాక, మన కథానాయకుడు తెరమీదికి వచ్చిన క్షణమునుండి ఈలలు మ్రోగవలెను. డిటెక్టివో, తాను గ్రహించినదానిని చివరి రీలువరకు కడుపులో దాచుకొనవలసినవాడు. అందుచేతనే 1966లో కృష్ణగారి ‘గూఢచారి 116’ వంటి చిత్రములు ఆలోచనకంటె తుపాకికిని, వేగమునకును పెద్దపీట వేసి జనమును మెప్పించినవి.

ఈ చిక్కును హాస్యముతో విప్పినవాడు జంధ్యాల. నరసాపురమున పుట్టి, విజయవాడలో చదువుకొని, నాటకములు వ్రాయుచు సినిమాకు వెళ్లిన ఆయన, తన ఛాయాచిత్రమును సైతము పాఠకుల కంటబడనీయని మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి నవల ‘చంటబ్బాయ్’ని 1986లో తెరకెక్కించెను. ‘ఖైదీ’తో మాస్ హీరోగా స్థిరపడిన చిరంజీవి అందు పాండురంగారావు, తనకు తాను పెట్టుకొన్న పేరు జేమ్స్ పాండ్. అతడు చాప్లిన్ వేషము వేయును, ఆడవేషమును వేయును, ఘనమైన ఊహలతో బయలుదేరి బోర్లపడును. నడుమ నడుమ శ్రీలక్ష్మి కవయిత్రియై ఎదుటివారి ప్రాణములు తోడుచుండును. పోరాటములకై వచ్చిన అభిమానులు కొంత తెల్లబోయిరి. చిత్రము నాడు ఘనవిజయమనిపించుకొనలేదు. కాని తరువాతి కాలమున టీవీలో వచ్చినప్పుడెల్ల ఇల్లిల్లు దానిని చూచి నవ్వుచునే యున్నది. హంతకుడు తెలిసిన కథను మరల చూడరాదన్న లెక్క ఇక్కడ తప్పినది. ఏలయన జనము చూచునది హంతకుని కొఱకు కాదు, పాండురంగారావు కొఱకు.

2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ ఆ వంశమున పుట్టినదే. దర్శకుడు స్వరూప్ ఆర్.ఎస్.జె.; రచనలో పాలుపంచుకొని నాయకుడుగా నటించినది నవీన్ పోలిశెట్టి. నెల్లూరి ఎండలో కోటు తొడిగికొని, తన ఆఫీసుకు ‘ఎఫ్.బి.ఐ.’ అని పేరు పెట్టి, దాని పూర్తి రూపము ‘ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్’ అని చెప్పు ఆ యువకుడు డిటెక్టివు సినిమాలు చూచి డిటెక్టివైనవాడు. నవ్వులతో సాగు కథ రైలుపట్టాల ప్రక్క దొరకిన గుర్తు తెలియని శవముల దరిజేరి, చూచువాని ముఖమునుండి నవ్వును మెల్లగా తుడిచివేయును. పెద్ద తారలు లేని ఆ చిత్రము మౌత్ టాక్ చేతనే బలపడి, తమిళమున 2022లో ‘ఏజెంట్ కణ్ణాయిరమ్’గా మరల నిర్మింపబడెను.

పాండురంగారావును, ఆత్రేయను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన, తెలుగుతెర హోమ్స్‌ను గాని యుగంధర్‌ను గాని తెచ్చుకొనలేదు; వారిని చదివి, చూచి, వారివలె కావలెనని ఉవ్విళ్లూరిన పాఠకునకే కోటు తొడిగినదని తోచును. లెక్కల పుస్తకము చాటున నవల చదివిన కుర్రవాడే వీడు. వీనిని చూచి మనము నవ్వుచుండగా కథకుడు ఆ నవ్వుల నడుమనే ఆధారములను దాచివేయును. నవ్వువాడు కాపలా కాయడు గదా! తుదకు ఈ వెఱ్ఱిబాగులవాడే నేరమును ఛేదించినపుడు హాలులో చప్పట్లు మ్రోగుట, వానినుండి అంత ఆశింపలేదు కనుకనే. 2024లో వెన్నెల కిశోర్‌తో ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’ అను పేరిట చిత్రము వచ్చుటయు, మహానుభావుని మన జిల్లా గాలి పీల్పించి చూడవలెనను ఈ ముచ్చటకు సాక్ష్యమే.

గంభీరుడగు డిటెక్టివునకు మనవద్ద చోటు లేదని దీని భావము కాదు. హోమ్స్ స్ఫూర్తితో మిష్కిన్ తీసిన తమిళ చిత్రము 2017లో ‘డిటెక్టివ్’ పేరుతో తెలుగున అనువాదమైనది. విశాల్ అందు ముక్కోపియైన మేధావిగా నటించెను. నేడు ఓటీటీలో రెండవ టికెట్టు బెడద లేదు, ఇంటర్వెల్‌లో గుట్టు విప్పువాడును లేడు. కథను ఎనిమిది భాగములుగా నిదానముగా విప్పవచ్చును. గాంధీనగరపు లెక్క నాడు మూసిన తలుపు నేడు తెరచియున్నది. ఇక యుగంధర్ నవ్వింపకయే నిలువగలడా లేదా అనునది తేల్చవలసినది వ్యాపారము కాదు, రచయిత కలము.