టక్‌టక్‌మంటే.. టక్కున ఆపండి!

* మొరాయించే హార్డ్‌డిస్కుతో మొండికి పోవద్దు
* ముందు నకలు.. తర్వాతే మరమ్మతు

షోలాపూర్, హోట్గి రోడ్: సాంచా మీద పోగు తెగితే నేతన్న ఏం చేస్తాడు? ముందు సాంచా ఆపుతాడు. ముడేశాకే మళ్లీ నడుపుతాడు. అదే ఇంట్లో హార్డ్‌డిస్కు టక్‌టక్‌మంటే మాత్రం ‘ఇంకోసారి చూద్దాం’ అంటూ పదిసార్లు ఆపి, పదిసార్లు వేస్తారు. ఉన్నది కాస్తా ఊడేది అక్కడే!

తెలంగాణ పల్లెల నుంచి వలసొచ్చిన పద్మశాలీల చేతుల్లో పేరు తెచ్చుకున్నవి షోలాపూర్ చద్దర్లు. చద్దరు మీద పువ్వు పూయాలంటే గ్రాఫ్ కాగితంపై గీసి, గడిగడికీ లెక్క చూసి, జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టాలి. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో తెచ్చిన పద్ధతి ఇది. కంప్యూటర్ లెక్కలోని ఒకటి, సున్నా కూడా ఇంతే. ఆ వరసన చూస్తే మగ్గం కంప్యూటర్‌కు మేనత్తే!

అయితే ఒక తేడా ఉంది. అట్ట చిరిగితే కంటికి కనిపిస్తుంది. ఆ ఒక్కటి మార్చుకుంటే సరి. డిస్కు పోతే డిజైన్లు, వారం కూలీ లెక్కలు, బేపారుల బాకీలు అన్నీ ఒక్కసారే పోతాయి.

లోపల ఏం జరుగుతుంది?

డిస్కులోని పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంది. దాన్ని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా పైన తేలుతుంటుంది. మధ్య సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. హెడ్ దెబ్బతిని పళ్లేనికి రాసుకుంటే గీతలు పడతాయి. గీత పడ్డచోట ఉన్న డేటా ఇక ఎవరికీ దక్కదు.

ఏం చేయాలి?

* టక్‌టక్‌మన్నా, గీరుతున్న చప్పుడు వచ్చినా వెంటనే కరెంటు తీసేయాలి. మూత విప్పొద్దు. దుమ్ము రేణువు పడినా ముప్పే. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న మాట నమ్మొద్దు. దుమ్ము చొరని ప్రత్యేక గది ఉన్న ల్యాబ్‌కే ఇవ్వాలి. ఖర్చు ఎక్కువే. కాబట్టి ఏ ఫైళ్లు ముఖ్యమో ముందే రాసివ్వాలి.

* చప్పుడు లేకుండా నెమ్మదిస్తే మొదట కేబుల్ మార్చి చూడాలి. అయినా అంతే ఉంటే ‘చెక్‌డిస్క్’ నడపొద్దు. అది చెడిపోతున్న డిస్కు మీదే రాతలు రాస్తుంది.

* అంతే పెద్దదో, ఇంకా పెద్దదో మరో డిస్కు తెచ్చి నకలు తీయించాలి. లినక్స్‌లో ఉచితంగా దొరికే ‘జీఎన్‌యూ డీడీరెస్క్యూ’ ఇందుకు పనికొస్తుంది. తేలిగ్గా వచ్చే భాగాన్ని ముందు తీసి, మొరాయించే చోటుకు చివర్లో వెళ్తుంది. ఎక్కడిదాకా తీసిందో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా నష్టం లేదు.

* ఆ తర్వాత ‘టెస్ట్‌డిస్క్’, ‘ఫొటోరెక్’ వంటివి నకలు మీదే నడపాలి. దొరికిన ఫైళ్లను పాత డిస్కులో దాచొద్దు.

ఇప్పటి ఎస్‌ఎస్‌డీలకైతే టక్‌టక్ కూడా ఉండదు. చెప్పాపెట్టకుండా పోవచ్చు. అందుకే ముఖ్యమైనవి మూడు చోట్ల ఉంచుకోవాలి. అందులో ఒకటి కార్ఖానా బయట ఉండాలి. అట్టలు అరగకముందే మరో జత కొట్టించుకోవడం జకార్డు పనిలో ఎరిగిన జాగ్రత్తే కదా!