మ్యూనిక్ నగర కార్యాలయములలో లినక్సు

కంప్యూటరు యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నుండి పని నడపునది ఆపరేటింగు సిస్టము. ప్రోగ్రామర్లు వ్రాసిన దాని మూలపాఠమునకు సోర్సు కోడు అని పేరు. విండోసు వంటి సిస్టములలో ఈ పాఠము కంపెనీ యధీనములోనే యుండును. లినక్సు అట్లు కాదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ సిస్టము పాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును.

మరి కార్యాలయములన్నియు దీనినే ఏల వాడవు? జర్మనీలోని మ్యూనిక్ నగరపు అనుభవమును చూడుడు.

అచటి నగరపాలక కార్యాలయములలో సుమారు 14,000 కంప్యూటర్లు విండోసు ఎన్.టి. 4తో నడుచుచుండెను. కంపెనీ దానికి మద్దతు నిలిపివేయనుండెను. మద్దతు నిలిచినంతమాత్రమున యంత్రము ఆగిపోదు. కాని కొత్తగా బయటపడు లోపములను సరిదిద్దు వారుండరు; ఆ లోపముల గుండా చొరబడువారికి తలుపు తెరచియే యుండును. 2003 మేలో నగరసభ లినక్సు వైపు మొగ్గెను.

ఒక యంత్రమున లినక్సును ఎక్కించుట ఒక పూట పని. అసలు చిక్కు వేరొకచోట నుండెను. ప్రతి శాఖయు ఏండ్ల తరబడి తన లేఖల నమూనాలను, మాక్రోలను పాత ఆఫీసు ప్రోగ్రాములకు తగినట్లు కూర్చుకొనియుండెను. మాక్రో అనగా, పదే పదే చేయు పనిని యంత్రమే చేయునట్లు వ్రాసిన ఆదేశముల వరుస. ఇవి వేల సంఖ్యలో నుండెను. ఏది ఎవరు వ్రాసిరో, ఎందుకు వ్రాసిరో తెలిసికొనుటయే ఒక పరిశోధన! ఈ పనికై నగర సిబ్బంది వోల్‌మక్సు అను సాధనమును నిర్మించి, 2008లో దాని కోడును అందరికిని విడుదల చేసిరి. బయటినుండి వచ్చు పత్రముల అమరిక చెదరుట మాత్రము తప్పలేదు.

2013 చివరకు సుమారు 15,000 కంప్యూటర్లు లినక్సుతో నడచినవి. అయినను 2017 నవంబరులో నగరసభ విండోసునకు మరలుటకు నిశ్చయించెను. దోషము లినక్సుదని కొందరును, శాఖకొక తీరున చెదరియున్న సాంకేతిక సిబ్బంది ఏర్పాటుదని కొందరును వాదించిరి. రెండవ వాదమే సబబుగా తోచును. ఏలయన, అదే సిస్టము ఫ్రాన్సు దేశపు జాందర్మరీ పోలీసు దళములో నిలిచినది.

ఆ దళమువారు 2005లో విండోసు మీదనే ఓపెన్ ఆఫీసును అలవాటు చేసిరి. పిమ్మట ఫైర్‌ఫాక్సు బ్రౌజరును ప్రవేశపెట్టిరి. ఇవి రెండును లినక్సులోను నడుచును. ఆ తరువాతనే, 2008 మొదలుకొని, ఉబుంటు అను లినక్సునకు మారసాగిరి. అప్పటికి ఉద్యోగి దినమంతయు వాడు ప్రోగ్రాములు పాతవే. క్రింద నున్న సిస్టము మాత్రమే మారెను.