వేతాళ కథలు చేతులు మారిన తీరు

గోల్కొండ కోటనుండి పురానాపూలు వైపునకు వచ్చు పాత బాటమీద కార్వాన్ అను పేట కలదు. కార్వాన్ అనునది పారసీక పదము. బిడారు అని దాని యర్థము. కుతుబ్‌షాహీల కాలమున రత్నవర్తకులకును, సాహుకార్లకును ఇది నెలవు. ఆ వంతెన 1578 నాటిది. పేటలోని టోలీ మసీదు 1671 నాటిది. వర్తకపు బాట సరుకుతోపాటు కథను గూడ మోయును. సరుకు చేతులు మారినకొలది తరుగును. కథ చేతులు మారినకొలది పెరుగును. మధిర సుబ్బన్న దీక్షితులుగారు తమ కథాసంపుటములకు ‘కాశీమజిలీ కథలు’ అని పేరిడుటలో ఈ సంబంధమే కనబడుచున్నది. మజిలీ యను మాటయు అరబ్బీ ‘మంజిల్’ నుండి బాటసారులతో మనకు వచ్చినదే.

ఇట్లు ప్రయాణము చేసిన కథాసంపుటములలో వేతాళ పంచవింశతి విశిష్టమైనది. శ్మశానము, చెట్టున వ్రేలాడు శవము, అందావహించిన వేతాళుడు, భుజమున మోయు రాజు: ఇంతటి భయానకమైన ఆవరణముగల సంపుటి ఇన్ని భాషలకు, ఇన్ని తరములకు ఎట్లు అందినది? భయమునందు మనుష్యునకు గల కుతూహలమే కారణమని సాధారణముగా చెప్పుదురు. అది కొంతవరకు నిజమే. కాని భయము గొలుపు కథలెన్నియో పుట్టి నశించినవి. వేతాళ కథలు నిలుచుటకు మరియొక హేతువు కలదు. విన్న కథను దాచరాదు, పరులకు చెప్పవలెను అను నియమము ఈ సంప్రదాయమున కథలోనే ఇమిడియున్నది. దానిని నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వేతాళ కథలు మనకు నేడు లభించు ప్రాచీన రూపములు రెండు కాశ్మీర గ్రంథములలో ఉన్నవి. క్షేమేంద్రుని బృహత్కథామంజరి యొకటి, సోమదేవుని కథాసరిత్సాగరము రెండవది. రెండును 11వ శతాబ్దమునకు చెందినవి; రెండును గుణాఢ్యుని బృహత్కథను ఆధారముగా చెప్పుకొనినవి. సోమదేవుడు తన గ్రంథారంభమున కథాపీఠమను లంబకమున కథల పుట్టుకను తెలిపినాడు. శివుడు పార్వతికి ఎవ్వరును వినని కథలను ఏకాంతమున చెప్పుచుండగా పుష్పదంతుడను గణము అదృశ్యుడై విని తన భార్య జయకు చెప్పినాడు. జయ పార్వతికే మరల చెప్పినది. పార్వతి కోపించి పుష్పదంతుని, అతని పక్షమున వేడిన మాల్యవంతుని శపించినది. పుష్పదంతుడు వరరుచియై పుట్టి వింధ్యాటవిలో పిశాచరూపమున నున్న కాణభూతికి కథలు చెప్పిననాడు శాపము తీరును. కాణభూతి మాల్యవంతునకు, అనగా గుణాఢ్యునకు, చెప్పినపిమ్మట ముక్తుడగును. గుణాఢ్యుడు లోకమున వ్యాపింపజేసిన తరువాత ముక్తుడగును. అనుమతి లేక కథను బయటపెట్టుట నేరము. ఆ నేరమునకు పరిహారము దానిని ఇంకను విరివిగా బయటపెట్టుట. ఈ వైచిత్రి గమనింపదగినది.

గుణాఢ్యుడు సిరా దొరకక తన రక్తముతో ఏడులక్షల గ్రంథమును పైశాచీ భాషలో వ్రాసెనట. శిష్యులు దానిని సాతవాహన ప్రభువునకు చూపగా ఆయన తిరస్కరించినాడు. గుణాఢ్యుడు అగ్ని రగిల్చి ఒక్కొక్క పత్రమును మృగపక్షులకు చదివి వినిపించుచు అగ్నికి ఆహుతి చేసెను. మృగములు మేత మాని వినినవి. రాజు సంగతి తెలిసికొని వచ్చునప్పటికి మిగిలినది ఒక లక్ష మాత్రమే. ఇది ఐతిహ్యమే కాని చరిత్ర కాదు. అయినను ఏలినవారి ఆదరణ లేకున్నను వినువారు చాలుననియు, చదువువారులేని గ్రంథము బూడిదయనియు పూర్వులు భావించిరని ఇది తెలుపుచున్నది.

ఇక వేతాళ కథల చట్రమును పరికింతము. కథాసరిత్సాగరమున రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఆతని రాజధాని గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానము. క్షాంతిశీలుడను భిక్షువు కోరికపై రాజు శవమును మోసికొని వచ్చుచుండగా వేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన మౌనము చెడి శవము మరల చెట్టెక్కును. చెప్పుటవలన శ్రమ, చెప్పకుండుటవలన మృత్యువు. తెలిసిన విషయమును దాచుట ప్రాణాంతకమను భావము ఇచ్చట మరింత తీవ్రమైనది. తండ్రి కూతురిని, కుమారుడు తల్లిని పెండ్లాడిన కథలో వారి సంతానముల వరుస యేమని అడుగగా రాజునకు నిజముగానే తెలియలేదు. ఆ మౌనము దోషము కాలేదు. తుదకు వేతాళుడు వరమడుగుమనగా రాజు ఈ కథలు లోకమున ప్రసిద్ధములు కావలెనని కోరినాడు. వేతాళుడు అంగీకరించి, వీనిలో కొంతభాగమైనను చదివిన లేక వినినచోట యక్షరాక్షస వేతాళాదుల శక్తి చెల్లదని పలికినాడు. భయపెట్టు కథయే భయమునకు రక్షయైనది. ఇట్టి ఫలశ్రుతిగల సంపుటిని చదివినవాడు పొరుగువానికి ఇయ్యక ఊరకుండునా?

చేతులు మారినప్పుడు కథ మారును. తలలు మారిన కథ దీనికి మంచి ఉదాహరణము. సోమదేవుని పాఠమున దేవీమందిరమున తలలు నరకుకొనిన యిరువురు యువతియొక్క భర్తయు, సోదరుడును. శివదాసుని పాఠమున వారు భర్తయు, మిత్రుడును. సోదరుడైనచో ప్రశ్న ధర్మశాస్త్ర విషయము. మిత్రుడైనచో అనురాగ విషయము. తామస్ మాన్ 1940లో జర్మనుభాషలో వ్రాసిన నవలికయు, దాని ననుసరించి గిరీశ్ కర్నాడ్ రచించిన ‘హయవదన’ నాటకమును మిత్రుని పాఠముననే నడచినవి. ఏది మూలము, ఏది అపపాఠము అని మాత్రమే విచారించువారికి ఈ మార్పులోని అర్థము అందదు. ఒక్కొక్క పాఠము ఒక్కొక్క శ్రోతృసమాజము ఇచ్చిన సమాధానము.

దక్కనునకు ఈ కథలు ఒక్క త్రోవనే రాలేదు. తెలుగున 15వ శతాబ్దమునాటికే జక్కన విక్రమార్కచరిత్రము, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక విక్రమార్కుని ఇంటింటి నాయకుని చేసినవి. మరియొక త్రోవ పారసీకము. శుకసప్తతి ననుసరించి నఖ్షబీ 1330 ప్రాంతమున తూతీనామా రచించినాడు. అందు వేతాళ కథలు కొన్ని గూడ చేరినవి. అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థానకవియైన గవ్వాసీ 1639లో దానిని దక్కనీ భాషలోనికి తెచ్చినాడు. అనగా కార్వాన్ పేట బిడారులతో కళకళలాడుచున్న దినములలోనే, అచ్చటికి చేరువనున్న గోల్కొండలో, ఈ దేశపు చిలుక కథలు పారసీకమునుండి తిరిగి ఈ దేశపు భాషకు వచ్చినవి.

అచ్చుయుగమున ఈ ధర్మము మరియొక రూపు దాల్చినది. 1947 జూలైలో ఆరంభమైన చందమామ మాసపత్రిక బేతాళ కథలను ఇంటింటికి చేర్చినది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో మరణించువరకు దానికి సంపాదకత్వము వహించిరి. పాత సంపుటిలోని కథలు ఇరువదియైదు. చందమామలో వెలువడినవి వందలు. చట్రము నిలిచినది, కథ క్రొత్తదైనది. పత్రిక నేడు వెలువడుట లేదు. కాని సంవత్సరపు సంచికలను కుట్టించి దాచికొని, బంధువుల పిల్లలకు ఎరువిచ్చి, తిరిగి రాక బాధపడిన కుటుంబములు మనలో కొల్లలు.

ఇచ్చట పరిశోధకులు ఒక చిక్కును గుర్తింపవలెను. 1901లో హైదరాబాదున స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుగా గ్రంథాలయోద్యమము తెలుగు పుస్తకమును చేతినుండి చేతికి నడిపినది. అట్లు నడచిన పుస్తకము చినుగును. చినిగినదానిని తొలగింతురు. చెక్కుచెదరక బీరువాలో నిలిచిన ప్రతి పెక్కుసార్లు ఎవ్వరును చదువనిది. కనుక మిగిలిన పుస్తకములనుబట్టి పాఠకుల అభిరుచిని నిర్ణయించినచో, ఎక్కువగా చదువబడినవే మన లెక్కలోనుండి జారిపోవును. కర్తృనామములేని చౌక ప్రతుల విషయమున ఈ నష్టము మరింత హెచ్చు.

కావున వేతాళ కథలవంటి సంపుటములను పరిశోధించు విద్యార్థి పాఠభేదములతోపాటు ప్రతిమీది గుర్తులను గూడ సేకరింపవలెను. అట్టమీది పేర్లు, ఎరువిచ్చిన తేదీలు, చినిగిన పుటకు బదులు చేతివ్రాతతో అతికించిన కాగితము, కథ ముగింపునకు చదువరి చేర్చిన మాట, ఇవన్నియు సాక్ష్యములే. గుణాఢ్యుని పత్రములలో ఆరుపాళ్లు కాలిన తరువాతగాని ప్రభువు రాలేదు. మన విశ్వవిద్యాలయములైనను అంతకంటె ముందుగా వచ్చుట మంచిది.