తీగ రాని వీధికి గాలిదారి

మగ్గము ముందు కూర్చున్న మనిషికి ఇంటర్నెట్టుతో పనియేమని అడిగిన పెద్దలు మనలో ఒకప్పుడుండిరి. నేడు ఆ ప్రశ్న వినవచ్చుటలేదు. నమూనా ఫోటో పంపుట, జాకార్డు డిజైను తెప్పించుకొనుట, నూలు ధర విచారించుట, జి.యస్.టి. లెక్కలు దాఖలు చేయుట, పిల్లల చదువు, అన్నియు ఆ దారినే నడచుచున్నవి. కాని ఊరి నడిబజారునకు వచ్చిన తీగ, శివార్లలో ఇండ్లు కట్టుకొన్న మనవారి గుమ్మము దాకా వచ్చినదా? పలుచోట్ల రాలేదు.

గత వానకాలమున ఈ చిక్కు మాకే ఎదురైనది. మేముండునది షోలాపురము శివారు వీధి. ఒక వర్తకుడు తువ్వాళ్ల అంచు డిజైను సాయంత్రము అయిదు గంటల లోపల పంపుమని కోరినాడు. మా ఫోనులో ఫైలు సగము పోయి ఆగినది. వానలో గొడుగు పట్టుకొని డాబా యెక్కి ప్రయత్నించితిమి, లాభము లేకపోయినది. మరునాడు పంపునప్పటికి ఆ ఆర్డరు మరియొకరికి పోయినది. రెండు మగ్గములకు నెల దినముల పని అది. నేతలో లోపమున్నచో దిద్దుకొందుము. పంపు దారి లేక పని పోగొట్టుకొనుట మాత్రము మిక్కిలి బాధ కలిగించినది.

తీగ వేయు వారిని అడిగితిమి. వీధిలో తగినన్ని ఇండ్లు చేరినగాని తాము రాలేమనిరి. పాత టెలిఫోను రాగితీగ మీద వచ్చు డి.యస్.ఎల్. సంగతి విచారించితిమి. ఎక్స్ఛేంజికి ఇల్లు దూరమగు కొలదియు దాని వేగము తగ్గును. నాలుగైదు కిలోమీటర్లు దాటినచో పేరునకు మాత్రమే మిగులును. 2011లో ప్రభుత్వము ఆమోదించిన పథకము, తరువాత భారత్‌నెట్ అను పేర, గ్రామ పంచాయతీలకు గాజుతీగ చేర్చుచున్నది. అయితే పంచాయతీ కచేరీకి వచ్చిన తీగ ప్రతి యింటికిని వచ్చినట్లు కాదు.

అప్పుడు మా మేనల్లుడు ఒక మాట చెప్పినాడు: "మామయ్యా, ఫోను గోడల నడుమ కూర్చుని టవరును వెదకుచున్నది. డాబా మీద ఒక పెట్టె బిగించినచో అది టవరును నేరుగా చూచును. ఇంటిలోనికి ఒక తీగ దించుకొన్న చాలును."

విషయమంతయు ఇంతే. బయట బిగించిన యాంటెన్నా టవరు నుండి వచ్చు రేడియో తరంగములను అందుకొనును. అక్కడనుండి తీగ ద్వారా ఇంటిలోని రౌటరుకు చేరి, వైఫైగా అందరికిని పంచబడును. మన దేశమున 5జి సేవ 2022 అక్టోబరు 1న ఆరంభమైనది. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్, సెప్టెంబరులో జియో, ఎయిర్‌ఫైబర్ అను పేర ఇట్టి సేవను కొన్ని నగరములలో మొదలుపెట్టి, పిమ్మట ఇతర ఊళ్లకు విస్తరింపజేసినవి. కొన్ని తావుల స్థానిక సంస్థలు 5 గిగాహెర్ట్జ్ తరంగములతో, చిన్న గిన్నె వంటి యాంటెన్నాల ద్వారా ఈ పనియే చేయుచున్నవి.

మన సోదరులు డబ్బు కట్టుటకు ముందు కొన్ని సంగతులు గమనింపవలెను.

మొదటిది, చూపు. యాంటెన్నాకును టవరునకును నడుమ అడ్డు ఎంత తక్కువయైన అంత మేలు. రేకుల కప్పు, కాంక్రీటు గోడ, పచ్చని చెట్లు తరంగముల బలమును తగ్గించును. యానాము వైపు కొబ్బరితోటల నడుమనున్న ఇండ్లవారు ఇది మరువరాదు. రెండు బారల దూరము జరిపినను తేడా కనిపించవచ్చును. కావున బిగించువానిని తొందరపెట్టక, రెండు మూడు చోట్ల వేగము చూపించుకొనుడు.

రెండవది, వేళ. టవరు వీధి కొళాయి వంటిది. అందరును ఒక్కసారి త్రిప్పినచో ధార సన్నగిల్లును. ఉదయము చూచి మెచ్చుకొనక, రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల నడుమ పరీక్షింపుడు.

మూడవది, పంపు వేగము. ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనిపించునది దింపుకొను వేగము. మనకు కావలసినది పంపు వేగము గూడ. ఒక డిజైను ఫైలు 20 మెగాబైట్లనుకొందము. బైటుకు ఎనిమిది బిట్లు గనుక అది 160 మెగాబిట్లు. సెకనుకు 2 మెగాబిట్ల వేగమున అది పోవుటకు 80 సెకనులు పట్టును. 20 మెగాబిట్ల వేగమున 8 సెకనులు చాలును.

నాలుగవది, పరిమితి. నెలకు ఇంత డేటా అని హద్దుండును. అది దాటిన పిదప వేగము బాగుగా తగ్గును. పెట్టె సొంతమా, అద్దెయా, వలదన్నచో బయానా తిరిగి వచ్చునా అనునది ముందే కాగితము మీద చూచుకొనుడు.

అయిదవది, విద్యుత్తు. కరెంటు పోయినచో ఇంటిలోని రౌటరును, డాబా మీది పెట్టెయు రెండును ఆగును. చిన్న బ్యాటరీ పెట్టె అవసరము. ఉరుముల వేళ ప్లగ్గు తీసివేయుట, ఎర్తింగు సరిచూచుకొనుట మంచిది.

గాజుతీగ వచ్చిన వీధిలో దానినే తీసికొనుడు. నిలకడలో గాలిదారి దానికి సాటిరాదు. గట్టి వానలో మా పెట్టె ఒకటి రెండుసార్లు మొరాయించిన మాట నిజమే. అయినను రెండు నెలలుగా మా నమూనాలు అడిగిన గడియలో చేరుచున్నవి. మొన్న అదే వర్తకుడు మరల డిజైను కోరగా, మధ్యాహ్న భోజనమునకు ముందే పంపితిమి. ఆర్డరు చిన్నదే, మగ్గములు రెండును నడచుచున్నవి.

ఒక్క ఇంటికి భారమనిపించినచో, ఇరుగుపొరుగు సభ్యులు మాట్లాడుకొని ముందు ఒకరింట పెట్టించి చూడుడు. పరీక్షించిన పిదప మిగిలినవారు నిర్ణయించుకొనవచ్చును. సంస్థవారికి విడివిడిగా గాక, వీధివారందరును చేరి అర్జీ ఇచ్చినచో మన మాటకు బలముండును. మీ ఊరి అనుభవములను, మంచిచెడ్డలను మాకు వ్రాయుడు. తీగ రాని మరియొక వీధివారికి అవి ఉపయోగపడును.